రిడండెంటయిన చర్చిలో పుస్తకాలు



"రిడండెంట్" అన్న మాట చెవిన పడితే మన ఐటీ వాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. మనకంటే ముందు ఈ దేశం వచ్చినవాళ్ళు 2001లో విన్నారు, 2008లో విన్నారు. 2023లో మన వంతు కూడా వచ్చింది. మనిషి పనికిరాక కాదండీ, ఆ పనే అక్కర్లేకుండా పోయింది, అందుకని ఇంక సెలవు అని దాని అర్థం. ఇంగ్లండులో ఇదే మాటని చర్చిలకి కూడా వాడేవారని చాలామందికి తెలియదు. ఆదివారం వచ్చే జనం పలచబడి, పైకప్పు మరమ్మతుకి డబ్బు లేక, పక్క వీధిలోనే ఇంకో చర్చి ఉన్నప్పుడు "ఈ భవనం రిడండెంట్" అని కాగితం మీద రాసేవారు. తర్వాతి చట్టాల్లో ఆ మాట తీసేసి, నిత్య ఆరాధనకు మూసిన చర్చి అనే అర్థం వచ్చేలా మార్చారు. హెచ్చార్ వాళ్ళ లాగే చర్చి వాళ్ళూ మాటని మెత్తబరిచారన్నమాట.

అలా రిడండెంటయిన ఒక చర్చి గురించి ఇవాళ చెప్పుకుందాం. ఆక్స్‌ఫర్డ్ వెళ్ళొచ్చినవాళ్ళందరూ దాన్ని చూసే ఉంటారు, అదేమిటో తెలియకపోయినా. కార్‌ఫ్యాక్స్ టవర్ దగ్గర్నుంచి హై స్ట్రీట్‌లో నడుస్తూ వెళితే ఎడమచేతి వైపు కవర్డ్ మార్కెట్ వస్తుంది. అది దాటగానే టర్ల్ స్ట్రీట్ మలుపు. ఆ మూల మీద చదరంగా ఒక బురుజు, దాని మీద గుండ్రంగా స్తంభాల వరుస, ఆపైన సన్నగా శిఖరం. పేరు ఆల్ సెయింట్స్ చర్చి. బయటినుంచి చూస్తే నూటికి నూరుపాళ్ళూ చర్చే. లోపల మాత్రం 1975 నుంచి లింకన్ కాలేజీ లైబ్రరీ.

ఆ చోట 1122 నాటికే చర్చి ఉన్నట్టు దాఖలా ఉంది. 1427లో లింకన్ బిషప్ రిచర్డ్ ఫ్లెమింగ్ పక్కనే ఒక కాలేజీ పెట్టి, ఆల్ సెయింట్స్‌తో సహా ఊళ్ళోని మూడు చర్చిలని దానికి జతచేశాడు. ఎందుకు పెట్టాడయ్యా అంటే, ఆ రోజుల్లో జాన్ విక్లిఫ్ అనుచరులు బైబిల్‌ని ఇంగ్లీషులోకి తెచ్చి, మామూలు జనం సొంతంగా చదువుకోవాలని ప్రచారం చేస్తున్నారు. వాళ్ళ వాదనలని ఖండించగల పండితులైన పూజారులని తయారుచెయ్యడం ఆయన ఉద్దేశం. అందరూ పుస్తకం పట్టుకోకూడదని పెట్టిన కాలేజీకి, ఆ చర్చే చివరికి పుస్తకాల ఇల్లయింది. చరిత్రకి ఇలాంటి వేళాకోళాలు బాగా ఇష్టం.

మనం ఇప్పుడు చూసేది ఆ పాత కట్టడం కాదు. 1700 మార్చిలో దాని శిఖరం కూలి చర్చి మీద పడింది. చాలా భాగం నేలమట్టమయింది. మళ్ళీ కట్టడానికి ప్లాను గీసినాయన క్రైస్ట్ చర్చ్ కాలేజీ డీన్ హెన్రీ ఆల్‌డ్రిచ్. ఈయన వృత్తికి ఆర్కిటెక్టు కాదు. తర్కశాస్త్రం మీద లాటిన్‌లో ఒక పాఠ్యపుస్తకం రాశాడు, సంగీతం కూర్చేవాడు, తీరిక దొరికితే భవనాల నమూనాలు గీసేవాడు. మనవాళ్ళలో కూడా పగలంతా డేటాబేసులు చూసుకుని సాయంత్రం మృదంగం వాయించేవాళ్ళున్నారు కదా, ఆ బాపతు మనిషి. శిఖరం విషయంలో నికొలస్ హాక్స్‌మూర్ అనే పేరున్న ఆర్కిటెక్టు చెయ్యి కూడా ఉందని చరిత్రకారులు అంటారు. చందాలిచ్చిన పెద్దమనుషుల వంశచిహ్నాలని లోపల పైకప్పుకి అలంకారంగా అచ్చుపోశారు. మన గుళ్ళల్లో ఫ్యాన్ రెక్కల మీద దాత పేరు రాయిస్తాం చూడండి, అదే సంప్రదాయం. వాళ్ళు కాస్త ఎత్తులో పెట్టారు, అంతే తేడా.

ఆల్‌డ్రిచ్ లోపల ఏం కట్టాడన్నది ఈ కథకి ముఖ్యం. పాత కాలపు గోతిక్ చర్చి అయితే లోపల స్తంభాల వరుసలు, పక్కన నడవలు, మూలమూలనా చిన్న చిన్న పూజామందిరాలు, కొంచెం చీకటి. 1700 నాటికి ఇంగ్లండులో పద్ధతి మారిపోయింది. ఆరాధనలో ప్రసంగానికి పెద్దపీట వేశారు. అందరికీ మాట వినపడాలి, అందరికీ మనిషి కనపడాలి, చేతిలో ప్రార్థనల పుస్తకం చదువుకోవడానికి వెలుతురు రావాలి. అందుకని ఆల్‌డ్రిచ్ కట్టింది ఒకటే పెద్ద గది. మధ్యలో స్తంభాలు లేవు. రెండు పక్కలా ఎత్తయిన కిటికీలు. చర్చిలు తూర్పు పడమరలుగా కడతారు కాబట్టి, పొడుగు గోడలు ఉత్తరం, దక్షిణం వైపు వస్తాయి. ఉత్తరపు కిటికీల్లోంచి రోజంతా నిలకడైన వెలుతురు వస్తుంది. చదువుకునేవాడికి అంతకంటే ఏం కావాలి? కట్టినాయనకి తెలియకుండానే రీడింగ్ రూమ్ కట్టాడు. జనం వచ్చి పుస్తకాలు పెట్టడానికి రెండున్నర శతాబ్దాలు పైన పట్టింది.

ఇంతలో ఆ చర్చికి ఒక హోదా వచ్చింది. 1896లో, కార్‌ఫ్యాక్స్ దగ్గర రోడ్డు వెడల్పు చెయ్యడానికి సెయింట్ మార్టిన్స్ చర్చిని పడగొట్టారు. బురుజు ఒక్కటి మిగిల్చారు, మనం డబ్బిచ్చి ఎక్కి ఫొటోలు తీసుకునేది అదే. సెయింట్ మార్టిన్స్ అంతవరకూ ఊరి చర్చి, అంటే మేయరూ నగరసభ వాళ్ళూ లాంఛనంగా హాజరయ్యే చోటు. ఆ గౌరవం ఆల్ సెయింట్స్‌కి వచ్చింది. డెబ్భై అయిదేళ్ళు అది ఆక్స్‌ఫర్డ్ ప్రజల చర్చి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

జనం ఎందుకు తగ్గారంటే మతం మీద నమ్మకం తగ్గడం ఒక్కటే కారణం కాదు. పాత ఊళ్ళో ఇళ్ళు పోయి కొట్లూ కాలేజీలూ ఆఫీసులూ నిండాయి. కాపురాలు హెడింగ్‌టన్, కౌలీ లాంటి పేటలకి తరలిపోయాయి. నడిబొడ్డున అయిదు నిమిషాల నడకలో నాలుగయిదు చర్చిలు మిగిలాయి, వాటి చుట్టూ కాపురముండే మనుషులు మిగల్లేదు. 1971లో ఆల్ సెయింట్స్‌ని రిడండెంట్‌గా ప్రకటించారు. ఊరి చర్చి హోదా కార్న్‌మార్కెట్‌లో ఉన్న సెయింట్ మైకేల్ ఎట్ ది నార్త్ గేట్‌కి వెళ్ళింది.

ఇలా ప్రకటించడం అంత తేలిక పని కాదు. 1968 నాటి పాస్టరల్ మెజర్ అనే చట్టం 1969 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ముందు ఆ ప్రాంతపు బిషప్ వైపు నుంచి ప్రతిపాదన వెళ్ళాలి. చర్చ్ కమిషనర్లు ముసాయిదా ప్రకటించాలి. ఊళ్ళో ఎవరైనా అభ్యంతరం రాయవచ్చు, దాన్ని వినాలి. చివరికి రాణిగారి ఆమోదం. ఆ తర్వాత కూడా వెంటనే తాళం వేసి అమ్మెయ్యరు. కొత్త ఉపయోగం వెతకడానికి కొంత గడువుంటుంది. అప్పటికీ ఏదీ కుదరకపోతే, కట్టడం మరీ విలువైనదయితే దాన్ని కాపాడే నిధికి అప్పగిస్తారు, కాకపోతే పడగొడతారు. మా వృత్తిలో పాత సిస్టమ్‌ని ఆపెయ్యాలంటే ఎన్ని సంతకాలు కావాలో, ఎన్నాళ్ళు దాన్ని చదవడానికి మాత్రం తెరిచి ఉంచాలో తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

కిందటేడు మా అత్తయ్యగారు వచ్చినప్పుడు ఆక్స్‌ఫర్డ్ చూపించడానికి తీసుకువెళ్ళాం. ఆ మూల మీద నిలబడి నేనీ కథంతా చెబితే ఆవిడ శ్రద్ధగా విని, "అంతా బాగానే ఉంది గానీ, లోపలున్న దేవుణ్ణి ఎక్కడికి పంపించారు బాబూ?" అన్నారు. చర్చి లైబ్రరీ అయిందంటే మనవాళ్ళలో చాలామందికి మొదట వచ్చే సందేహం ఇదే. కొందరు పైకి అడుగుతారు, కొందరు లోపల అనుకుంటారు.

"ఉద్వాసన చెప్పారత్తయ్యా" అన్నాను. ఆవిడకి వెంటనే అర్థమయింది. మనం వినాయకచవితికి మట్టి విగ్రహంలోకి ఆవాహన చేస్తాం, తొమ్మిదోనాడో అయిదోనాడో ఉద్వాసన చెప్పి నిమజ్జనం చేస్తాం. వ్రతం అయ్యాక కలశాన్ని కదిలించి ఆ నీళ్ళు చల్లుకుని, కొబ్బరికాయ వంటింట్లోకి తీసుకువెళ్ళిపోతాం. అందులో అపచారం లేదు, పద్ధతి ప్రకారం చేశాం కాబట్టి. పద్ధతి లేకుండా కలశాన్ని తన్నితే అపచారం. వాళ్ళ చట్టంలో ఉన్నది కూడా ఇంచుమించు ఆ భావమే. ప్రతిష్ఠించిన చోటుకి దానంతటదిగా పవిత్రత పోదు. అధికారం ఉన్నవాళ్ళు ఒక క్రమంలో దాన్ని విడుదల చెయ్యాలి.

మన తెలుగు క్రైస్తవ కుటుంబాల వాళ్ళకయితే ఇంత వివరణ అక్కర్లేదు. తెలుగు బైబిల్లో ఇంగ్లీషు "చర్చ్" అన్న మాటకి బదులు "సంఘము" అని ఉంటుంది. అంటే మనుషులు. కట్టడం మందిరం, అందులో కూడేవాళ్ళు సంఘం. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట కావడంతో గందరగోళం వస్తుంది. తెలుగులో చెప్పుకుంటే తేటగా ఉంటుంది. 1971లో సంఘం నాలుగు వీధులవతలికి వెళ్ళింది, మందిరం ఉన్నచోటే ఉండిపోయింది.

దేవుడి సంగతి అలా ఉంచి, నేల కింద ఉన్న మనుషుల సంగతేమిటి? పాత చర్చిల్లో ఊరి పెద్దలని లోపలే సమాధి చేసేవారు. నేల తవ్వాల్సి వస్తే ముందు ప్రకటన ఇవ్వాలి, బంధువులుంటే వాళ్ళ మాట వినాలి, అవశేషాలని మర్యాదగా వేరేచోట తిరిగి ఖననం చెయ్యాలి. ఆ చట్టంలో దీనికి విడిగా నిబంధనలున్నాయి. ఆల్ సెయింట్స్‌లో 1973-74లో పురావస్తు శాఖ వాళ్ళు తవ్వకాలు చేశారు. చర్చి కంటే పాతవి, నార్మన్లు ఈ దేశానికి రాకముందు నాటి ఆవాసాల ఆనవాళ్ళు అడుగున బయటపడ్డాయి. అంటే చర్చికి ముందు కూడా ఆ మూల మీద ఎవరో కాపురమున్నారు, తిన్నారు, పొయ్యి వెలిగించారు.

ఇప్పుడు ఇంజనీరింగ్ వైపు వద్దాం. నాకు ఎక్కువ నచ్చే భాగం ఇది. చర్చిలో బీరువాలు పెడితే లైబ్రరీ అయిపోతుందని అనుకుంటాం. పుస్తకం ఎంత బరువో ఇల్లు మారినప్పుడు మాత్రమే తెలుస్తుంది. అమెరికా భవన ప్రమాణాల్లో ఇంటి గదికి చదరపుటడుగుకి 40 పౌండ్ల బరువు మోసే బలం ఉండాలంటారు. లైబ్రరీలో కూర్చుని చదివే గదికి 60. వరుసగా పుస్తకాల బీరువాలు నింపే గదికి 150. చూశారా, మనుషులు నిండిన గది కంటే పుస్తకాలు నిండిన గది రెండున్నర రెట్లు బలంగా ఉండాలి. పాత చర్చి నేల రాతిపలకలు పరిచిన మట్టి, దాని కింద అక్కడక్కడా గుల్లగా ఉన్న సమాధి అరలు. దాని మీద బీరువాలు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆర్కిటెక్టు రాబర్ట్ పాటర్ ఏం చేశాడంటే, లోపలి నేలని నాలుగడుగుల పైచిలుకు ఎత్తుకి లేపాడు. దాని కింద చోటు చేసి చదువుకునే గదులు పెట్టాడు. పైన, పాత చర్చి గది మొత్తం పెద్ద రీడింగ్ రూమ్. దాన్ని ఇప్పుడు కోహెన్ రూమ్ అంటారు. లోపల చేసిన పెద్ద మార్పు ఇదొక్కటే. మధ్యలో ఇంకో అంతస్తు వేసి ఉంటే చోటు రెట్టింపయ్యేది, ఖర్చుకి తగ్గ ఫలితం అని కమిటీలో ఎవరో ఒకరు లెక్క కూడా చూపించగలరు. కానీ అప్పుడు కిటికీలు సగానికి తెగేవి, పైకప్పు నెత్తిన వచ్చి కూర్చునేది. పెద్ద గది కిటికీలు ఎలాగూ ఎత్తులో ఉన్నాయి కాబట్టి నేల నాలుగడుగులు లేచినా కంటికి లోటు తెలియదు. చోటంతా వాడుకోకుండా ఖాళీని ఖాళీగా వదిలెయ్యడమే ఇందులోని తెలివి అని నా అభిప్రాయం. స్క్రీను మీద నాలుగంగుళాలు తెల్లగా కనిపిస్తే అక్కడ ఇంకో బటన్ పెట్టమనే క్లయింట్లని రోజూ చూసేవాణ్ణి, నాకు ఇది మరీ బాగా తెలుస్తుంది.

శబ్దం సంగతి తమాషాగా ఉంటుంది. చర్చి ఒక్క గొంతుని గదంతా మోసుకుపోవాలి, లైబ్రరీలో ఏ గొంతూ రెండు బల్లల అవతలికి పోకూడదు. కట్టడం అదే, కోరిక తిరగబడింది. ఇక్కడ ఆదుకునేది పుస్తకాలే. కాగితం, అట్టలు, ఎత్తుపల్లాలుగా ఉన్న వరుసలు, ఇవి శబ్దాన్ని పీల్చుకుంటాయి. కింద తివాచీ పరిస్తే ఇంకొంచెం. వేడి సంగతి మాత్రం అంత సులువు కాదు. వారానికి రెండు గంటలు కోట్లు వేసుకుని కూర్చునే చోటుకి వేడి లేకపోయినా గడిచిపోతుంది. రాత్రి పొద్దుపోయేదాకా పరీక్షలకి చదివే కుర్రాడికి అలా కాదు. ఎత్తయిన గదిలో వేడిగాలి పైకప్పుకి చేరి ఆ వంశచిహ్నాలని వెచ్చబెడుతుంది, కింద కాళ్ళు గడ్డకడతాయి. చెమ్మ చేరితే పుస్తకాలకి బూజు. రాతికట్టడాన్ని లైబ్రరీ చేసిన ప్రతిచోటా మొదటి రోజు ఖర్చు కంటే ఈ రోజువారీ ఖర్చే ఎక్కువ బాధిస్తుంది.

ఇదే ఇబ్బందికి తర్వాతి రోజుల్లో వేరేవాళ్ళు వేరే ఉపాయాలు పన్నారు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 13వ శతాబ్దపు డొమినికన్ చర్చి ఉంది. ఫ్రెంచి సైన్యం 1794లో ఆక్రమించుకున్నాక అది చాలా అవతారాలెత్తింది, ఒకప్పుడు సైకిళ్ళు పెట్టుకునే చోటుగా కూడా వాడారు. 2006లో అందులో పుస్తకాల షాపు పెట్టారు. నడిచి ఎక్కే పెద్ద ఉక్కు బీరువాని ఒక పక్కకి నిలబెట్టి, రెండో పక్క చర్చి పూర్తి ఎత్తుని అలాగే వదిలేశారు. 2014లో ఆ షాపు గొలుసు దివాళా తీస్తే, పాఠకులే చందాలు వేసుకుని దాన్ని నిలబెట్టుకున్నారు. అదే దేశంలో వుఖ్త్ అనే ఊళ్ళో 1884 నాటి చర్చిని 2018లో లైబ్రరీగా మార్చినప్పుడు, బీరువాలని పట్టాల మీద పెట్టారు. ఏదైనా సభ ఉంటే పక్కకి తోసెయ్యవచ్చు. రేపు ఇంకొకళ్ళు ఇంకోలా వాడుకోవాలంటే గోడకి ఒక మేకు కూడా పీకక్కర్లేదు.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇప్పుడు నాకు మింగుడుపడని సంగతి. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఆల్ సెయింట్స్ ఊరి చర్చి అని. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక రొట్టెలు చేసేవాడయినా, కారు ఫ్యాక్టరీ కార్మికుడయినా ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి కూర్చోవడానికి 1971 దాకా ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు కాలేజీ కార్డు కావాలి. మా అత్తయ్యగారు బయటినుంచే చూడాల్సి వచ్చింది. కట్టడం దక్కింది, ఆ తలుపు మాత్రం ఊరికి దక్కలేదు. అయిదు వందల ఏళ్ళపైగా ఆ చర్చితో సంబంధమున్న కాలేజీ ముందుకి రాకపోతే తాళమే పడేదేమో, పావురాలు గూళ్ళు పెట్టేవేమో, అది కూడా నిజమే. కాలేజీ వాళ్ళు దాన్ని చూసుకుంటున్న తీరులో తప్పు పట్టడానికేమీ లేదు. అయినా లెక్క రాసేటప్పుడు రెండు పద్దులూ రాయాలి. పైగా ఇదే దేశంలో 2010 తర్వాత పదేళ్ళలో పబ్లిక్ లైబ్రరీలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. చర్చిలకే కాదు, లైబ్రరీలకీ రిడండెన్సీ వచ్చింది.

పుస్తకానికీ ప్రార్థనకీ ఒకే కప్పు కొత్త కాదని కూడా చెప్పాలి. ఆల్ సెయింట్స్ నుంచి అదే హై స్ట్రీట్‌లో రెండు నిమిషాలు నడిస్తే యూనివర్సిటీ చర్చి సెయింట్ మేరీస్ వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి మొట్టమొదటి లైబ్రరీ అక్కడే ఉండేది. బిషప్ థామస్ కోబమ్ 1320 ప్రాంతంలో చర్చికి ఆనుకుని కట్టించిన గదిలో, మేడ మీద. బాడ్లియన్ తెరిచింది 1602లో కాబట్టి, దానికంటే దాదాపు మూడు శతాబ్దాలు ముందు సంగతి ఇది. మనకీ తిరుమల ఆలయంలోనే తాళ్ళపాక అర ఉంది కదా, అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు శతాబ్దాల తరబడి భద్రంగా ఉన్నది అందులోనే.

ఊరికి తలుపు దక్కిన కథ కావాలంటే సముద్రం దాటి కెనడాలోని క్విబెక్ నగరానికి వెళ్ళాలి. అక్కడ సెయింట్ జాన్ వీధిలో, ఫ్రెంచి వాళ్ళు రూ సాఁ జాఁ అంటారు, సెయింట్ మాథ్యూస్ అనే ఆంగ్లికన్ చర్చి ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు కట్టుకున్నది. ఇప్పుడు క్విబెక్ అంటే ఫ్రెంచి ఊరే కదా అనుకుంటాం గానీ, 1860ల ప్రాంతంలో ఆ నగరంలో దాదాపు నూటికి నలభైమంది ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే. ఓడలు కట్టడం, కలప వ్యాపారం వాళ్ళ చేతుల్లో ఉండేవి. తర్వాత వ్యాపారం మాంట్రియల్‌కీ, పడమటికీ తరలింది, పిల్లలు ఉద్యోగాల వెంట వెళ్ళిపోయారు. ఇప్పుడు వాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు. ఆదివారం బల్లలు ఖాళీ అయ్యాయి. చివరికి ఆ చర్చి నగరం చేతికి వచ్చింది, 1980లో అందులో పబ్లిక్ లైబ్రరీ తెరిచారు. 2017లో దానికి ఫ్రెంచిలో రాసిన రచయిత్రి క్లేర్ మార్టాఁ పేరు పెట్టారు. చుట్టూ ఉన్న శ్మశానవాటికలో సమాధిరాళ్ళ మీద పేర్లన్నీ ఇంగ్లీషు, స్కాటిష్ పేర్లు. రచయిత వాల్టర్ స్కాట్ తమ్ముడు థామస్ స్కాట్ కూడా అక్కడే ఉన్నాడు. లోపల బీరువాల్లో ఎక్కువ భాగం ఫ్రెంచి పుస్తకాలు. ఆ రాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళే పిల్లలు ఫ్రెంచిలో కథలు చదువుకుంటారు.

ఈ కథ చదివినప్పుడు నాకు మన సంగతే గుర్తొచ్చింది. మనం కూడా ఉద్యోగాల వెంట వచ్చినవాళ్ళమే. బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్‌లో వెంకటేశ్వరస్వామి ఆలయం ఉంది, ఊరూరా తెలుగు సంఘాలున్నాయి, చందాలు వేసుకుని హాళ్ళు కొనాలని మాట్లాడుకుంటున్నాం. కొన్నిచోట్ల మన దేశం వాళ్ళే పాత చర్చిల్లో చేరారు. 1970లో లండన్ ఇస్లింగ్టన్‌లో స్వామినారాయణ మందిరం మొదలయింది ఒక పాత చర్చిలోనే. ఇంకో వందేళ్ళకి మన పిల్లల పిల్లలు ఎక్కడుంటారో, ఏ భాష మాట్లాడతారో, మనం కట్టిన హాలులో ఎవరు కూర్చుంటారో తెలియదు. క్విబెక్ ఇంగ్లీషు వాళ్ళకీ తెలియదు. తమ భాష కాని భాషలో చదువుకునే పిల్లలకి ఆ గోడలు దక్కాయి. ఆ సంఘం పెద్దలకి అది సంతోషమో బాధో నేనెవర్ని చెప్పడానికి, రెండూ అయి ఉండవచ్చు. హాలు కొనే మాట ఎత్తేటప్పుడు, ట్రస్టు కాగితాల్లో "సంఘం లేకపోతే ఈ ఆస్తి ఎవరికి" అన్న గడిని మాత్రం ఖాళీగా వదలకండి. ఆ గడి ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా సంతకం పెడతారు.

సరే, వేసవి సెలవుల్లో పిల్లలతో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళేవాళ్ళకి ఒకటి రెండు వివరాలు చెప్పి ముగిస్తాను. లింకన్ లైబ్రరీ లోపలికి మామూలు రోజుల్లో సందర్శకులని పంపరు. ఏటా సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ ఓపెన్ డోర్స్ అని ఒక వారాంతం జరుగుతుంది, మామూలుగా మూసి ఉండే చోట్లు కొన్ని ఆ రెండు రోజులూ తెరుస్తారు. ఏ ఏడు ఏవి తెరుస్తారన్నది ముందే చూసుకుని వెళ్ళండి.

అది కుదరకపోతే క్వీన్స్ లేన్‌లో సెయింట్ ఎడ్మండ్ హాల్ కాలేజీ ఉంది. దాని లైబ్రరీ కూడా చర్చే, సెయింట్ పీటర్ ఇన్ ది ఈస్ట్. ఆల్ సెయింట్స్ కంటే ఎంతో పాతది, కింద నేలమాళిగ 12వ శతాబ్దం నాటిది. ఆల్ సెయింట్స్ కంటే అయిదేళ్ళు ముందే, 1970లో, ఇది లైబ్రరీ అయింది. లోపల విద్యార్థులు చదువుకుంటుంటారు కాబట్టి అక్కడికి వెళ్ళలేం గానీ, గేటు దగ్గర పోర్టర్లని మర్యాదగా అడిగితే చర్చి తోట చూడనిచ్చే అవకాశం ఉంది. ఆ తోట పాత శ్మశానవాటికే. 1784లో బెలూన్‌లో గాల్లోకి ఎగిరిన మొదటి ఇంగ్లీషువాడు జేమ్స్ శాడ్లర్ సమాధి అక్కడుంది. ఆయన ఇదే ఊరి మిఠాయి వ్యాపారి. సమాధుల మధ్య కూర్చుని పుస్తకం చదువుకుంటున్న సెయింట్ ఎడ్మండ్ కంచు విగ్రహం కూడా ఉంది, పేద విద్యార్థి రూపంలో. ఇంకో రాయి మీద ఒకావిడ పోయిన తేదీ 1835 ఫిబ్రవరి 31 అని చెక్కి ఉంది. పిల్లలకి ఆ రాయి వెతకమని పని పెట్టండి. టెస్టింగ్‌లో పనిచేసే మన స్నేహితులెవరైనా ఉంటే వాళ్ళని కూడా తీసుకువెళ్ళండి, దాదాపు రెండొందల ఏళ్ళుగా ఎవరూ మూసెయ్యని బగ్ అది.